ఇత్తడి రేకు పోయిన విమానం

మొన్న కంటి పరీక్ష కోసం హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానకు వెళ్ళాను. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నా పేరు, ఊరు, వయస్సు అన్నీ ఓపికగా అడిగి రాసుకొని, ఆఖరున గుర్తింపు కార్డు చూపించమన్నది. తొందరలో దానిని ఇంటిలో మరచి వచ్చానని చెబితే, కార్డు లేకుంటే మీరు మీరేనని మాకెట్లా తెలుస్తుంది సార్ అని మర్యాదగానే నవ్వి, ఇంటి నుండి దాని ఫోటో వచ్చేదాకా పక్కన కూర్చోమన్నది. ఎదుటి గోడకు ఏదో కంపెనీ వారు అచ్చు వేయించిన క్యాలెండరు వేలాడుతున్నది. నెలకొకటి చొప్పున పాతకాలపు చిన్న విమానాల బొమ్మలు. ఆ నెల వంతు వచ్చినది, ఒకదానిపైన ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న పసుపుపచ్చ విమానం. దాని పొట్టమీద నల్లగా రాసి ఉన్న అక్షరాలను చదవడానికి, కళ్ళు కనిపించడం లేదని వచ్చిన నాకు, అద్దాలు కూడా అవసరం లేకపోయింది. బొమ్మ కింద, నల్లగొండ ప్రాంతంలో పూర్తిగా శిథిలమైన స్థితిలో దొరికిన ఈ విమానాన్ని యజమాని స్వయంగా శ్రద్ధ తీసుకొని పునరుద్ధరించారని, అది ఇప్పటికీ ఎగురుతున్నదని ఇంగ్లీషులో రాసి ఉంది.

ఆ శిథిలాన్ని నేనెరుగుదును. దాని రెక్కలలోని సన్నని చెక్కపుల్లలను గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేసిన చేతులలో ఈ రెండు చేతులు కూడా ఉన్నాయి. దొరికింది అన్న ఆ ఒక్క మాట దగ్గరే నా మనస్సు చాలాసేపు ఆగిపోయింది. పోయిన వస్తువు దొరుకుతుంది. ఒక మనిషి కాపాడుకుంటూ వచ్చిన వస్తువు ఎట్లా దొరుకుతుందో నాకు ఇప్పటికీ బోధపడదు.

మా ఇంటిలో డిగ్రీ దాకా చదివిన మొదటివాడిని నేను. బి.ఎస్సీ. పూర్తి చేసి, ఎనభయ్యో దశకం మొదట్లో నల్లగొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. మా పెద్దక్కను ఇచ్చింది హాలియా దగ్గరి పల్లెకు. సాగరు కాలువ నీళ్ళు వచ్చి ఆ ప్రాంతమంతా వరి పచ్చగా నిండిన రోజులవి. మన తరం వారికి గుర్తుండే ఉంటుంది, వరికి దోమ తగిలినా, మెట్ట ప్రాంతాలలో పత్తికి పురుగు పట్టినా, మందు కొట్టడానికి అప్పుడప్పుడు చిన్న విమానాలు వచ్చేవి. తలలకు తగిలేటంత కిందుగా గర్జించుకుంటూ వెళ్ళి, చేను చివర ఒక్కసారిగా పైకి లేచి మళ్ళీ తిరిగి వచ్చే ఆ విమానాలను చూడడానికి పనులు ఆపుకొని నిలబడని ఊరు లేదు. మా బావ అటువంటి ఒక చిన్న కంపెనీలో పని చేసేవాడు. డబ్బాలకొద్దీ మందును విమానంలోని తొట్టిలోకి పోయడం, తర్వాత చేను గట్టుమీద తెల్లజెండా పట్టుకొని నిలబడి పైలటుకు వరుస చూపించడం ఆయన పని. విమానం తల మీదుగా దాటిన ప్రతిసారీ ఆ మందులో తాను కూడా తడిసేవాడు.

అక్కకు ఆ వాసన పడేది కాదు. "గీ మనిషి ఇంట్లకొస్తె నల్లులు సచ్చినయి, పేండ్లు సచ్చినయి, ఇగ మిగిలింది నేనొక్కదాన్నే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. బావ నవ్వి ఊరుకునేవాడు. ఆయనకున్న దిగులు వేరు. ఏళ్ళ తరబడి ఆ విమానానికి మేత వేసి, నీళ్ళు పోసినట్టు సేవ చేసినా, ఒక్కసారి కూడా దానిలో ఎక్కి ఎగిరినవాడు కాడు. ఒకప్పుడు విమానం నడపడం నేర్పడానికి తయారుచేసిన ఆ పాత విమానంలో ముందొక సీటు, వెనుకొక సీటు ఉండేవట. కంపెనీ వారు ముందు సీటును పీకివేసి, అక్కడ మందు తొట్టి బిగించారు. "మందుకు జాగ ఉన్నది బామ్మర్ది, మనిషికే లేదు" అనేవాడు నాతో. ఆ మాటను ఆయన హాస్యానికే అన్నా, అనే ముందు ఒక క్షణం ఎటో చూసేవాడు.

ఒక వానాకాలం, మర్రిగూడ వైపు పత్తి చేలకు మందు కొట్టి తిరిగి వస్తుండగా, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయి ఆ విమానం ఒక బీడులో దిగింది. పైలటుకు దెబ్బలు తగలలేదు గాని, కింది రెక్క ఒకటి విరిగి చక్రాలు ఊడిపోయాయి. కంపెనీ మేనేజరు జీపులో వచ్చి చూసి, బావ భుజం మీద చేయి వేసి, జర చూస్తుండు, బండి తీసుకొని వస్తామని చెప్పి వెళ్ళిపోయాడు. బావ ఆ బీడులోనే తాటిపత్రి కప్పి కాపలా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. నాట్ల సమయం వచ్చి, ఇంటి దగ్గర తప్పనిసరై కొద్ది రోజులు వెళ్ళి తిరిగి వచ్చేసరికి, విమానం సగమయింది. చుట్టుపక్కల వాళ్ళు ఎవరికి పనికివచ్చేది వాళ్ళు తీసుకుపోయారు. దానిని దొంగతనమని వాళ్ళు అనుకోలేదు; ఆకాశం నుండి పడి, అడిగే దిక్కులేక ఉన్న వస్తువు అది. వాళ్ళు కదిలించలేక వదిలిన ఇంజనును, తోకను, అస్థిపంజరంలా మిగిలిన నడుము భాగాన్ని, రెక్కలను బావ ట్రాక్టరు మీద వేసుకొని హాలియాకు తెచ్చి కొట్టంలో పెట్టాడు. ఎడ్లను వేపచెట్టు కిందికి మార్చవలసి వచ్చింది. "ఎడ్లు ఎండల, విమానం నీడల. దున్నేటప్పుడు గూడ దాన్నే కట్టుకో మరి" అన్నది అక్క.

కంపెనీ మూతపడిందని తర్వాత తెలిసింది. ఇంకొకడైతే ఆ కట్టెలను పొయ్యిలో పెట్టేవాడు, ఇంజనును పాత ఇనుముకు వేసేవాడు. బావకు మాత్రం, చూస్తుండమని చెప్పిన వస్తువు తన చేతిలో ఉండగా సగమయిందన్న బాధ ముల్లులా గుచ్చుకున్నది. నకిరేకల్‌లో ఒక ముస్లిం దర్జీ ఉండేవాడు, మేమంతా చాచా అని పిలిచేవాళ్ళం. లారీల తాటిపత్రులు, జీపుల టాపులు కుట్టేవాడు. విమానం రెక్కల గుడ్డ ఎక్కడైనా చిరిగితే కంపెనీ వారు ఆయననే పిలిపించేవారు. బావ తన బాధను ఆయన దగ్గర చెప్పుకున్నాడు. "అది అమానత్ బేటా. పెట్టినోడు వచ్చినా రాకున్నా, పెట్టినది పెట్టినట్టు ఉండాలె" అన్నాడు చాచా. అమానతు అంటే నమ్మి అప్పగించిన సొత్తు. ఆ మాటతో బావకు దారి దొరికింది. పోయిన ముక్కలన్నీ వెదికి తేవాలని, విమానాన్ని మళ్ళీ విమానం చేయాలని, తొట్టి తీసివేసి ముందు సీటు బిగించి, సాగరు దగ్గరి రన్‌వే నుండి ఎవరైనా లైసెన్సు ఉన్న పైలటు దానిని ఒక్కసారి ఎగురవేస్తే, ఆ ముందు సీటులో తాను కూర్చోవాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఇంగ్లీషు చదివినవాడినని నన్ను కూడా కలుపుకున్నారు. ఆదివారాలన్నీ అట్లా గడిచాయి.

వెదకడమంటే సామాన్యమైన పని కాలేదు. చక్రాలు ఒక బొరుగుల బండికి తిరుగుతున్నాయి. ముందర తిరిగే చెక్క పంకాను నకిరేకల్‌లో కమీషను మీద నిమ్మకాయలు అమ్మిపెట్టే ఆడత్ వ్యాపారి తన గద్దె పైన గోడకు అలంకరించుకున్నాడు; బావ వెళ్ళి కూర్చుంటే, తెచ్చేది నిమ్మకాయలా కాదా అని అడిగి, కాదంటే మాట్లాడేవాడు కాడు. చివరకు బావ తన బంధువుల తోట నుండి ఒక కాపు మొత్తం ఆయన దుకాణానికే తోలించిన తర్వాత పంకా గోడ మీది నుండి దిగింది. పైలటు కూర్చునే సీటు మర్రిగూడ దగ్గర ఒక క్షౌరశాలలో ఉంది. దాని యజమాని ఎంతకూ ఒప్పుకోలేదు. "నా దుకాండ్ల గడ్డం గీకిచ్చుకున్నోడల్లా ఊర్ల విమానమెక్కిన లెక్కనే చెప్పుకుంటుండు. గా సీటు తీస్తె నా దగ్గరికెవడొస్తడే" అన్నాడు. చాచా ఆయనకు రెక్సిను గుడ్డతో, దూది పరుపుతో రాజాలాంటి కుర్చీ కుట్టి ఇచ్చాడు.

అన్నింటికంటే కష్టమైనది పెట్రోలు తొట్టి. పై రెక్క నడుమ అమర్చే ఆ తొట్టి మర్రిగూడలో ఒక అవ్వ ఇంటి చూరు కింద, నాలుగు బండల మీద కూర్చొని ఉంది. ఎన్ని వానలు కడిగితేనో దాని పెట్రోలు వాసన పోయింది. చూరు నీళ్ళను దానిలో పట్టి, గుడ్డతో వడగట్టి, మనుమడికి తాగడానికి దాచేది ఆమె. ఫ్లోరైడు నిండిన ఆ ప్రాంతపు బావుల నీళ్ళ సంగతి మన జిల్లా వారికి చెప్పనక్కరలేదు. అవ్వ మోకాళ్ళు బయటికి వంగి, నిలబడితే రెండు కాళ్ళ మధ్య మేకపిల్ల దూరేటట్టు ఉండేవి. బావ విషయమంతా విన్నవించుకొంటే ఆమె శాంతంగా విన్నది. తర్వాత అన్నది: "విమానం ఎగురకపోతె ఎవ్వల పాణం పోదు కొడుకా. గీ నీళ్ళు లేకపోతె వీని కాళ్ళు గూడ నా కాళ్ళ లెక్కనే వంకర పోతయి. ఏది పెద్దదో నువ్వే జెప్పు." మరుసటి ఆదివారం బావ, తొట్టికి రెండింతలున్న రేకు డ్రమ్మును బస్సు మీద వేయించుకొని, దానికి కుళాయి పెట్టించి, తానే బండల మీద ఎక్కించి, దూరమైనా రక్షిత నీళ్ళు దొరికే చోటి నుండి నింపించి ఇచ్చాడు. అవ్వ డ్రమ్మును వేళ్ళతో కొట్టి చూసి, "ఎగిరినంక ఒకపారి మా ఇంటి మీదికెళ్ళి తోలు. పైనకెళ్ళి నన్ను గుర్తుపడుదువు, నా నడక ఊర్ల ఎవ్వలకు లేదు" అని నవ్వింది.

ఆ తర్వాతి ఏళ్ళు నా జీవితంలో చాలా మంచి ఏళ్ళని, ఇప్పుడు ఆలోచిస్తే, ఒప్పుకోక తప్పదు. విరిగిన పుల్లల స్థానంలో కొత్తవి చెక్కించడం, గట్టిగా నేసిన సన్నని నూలుగుడ్డను చాచా మైనం పట్టించిన దారంతో రెక్కలకు ముడులు ముడులుగా కుట్టడం, దానిపైన లక్కలాంటి ఒక ద్రావకాన్ని పూస్తే గుడ్డ ఎండుతూ ఎండుతూ తప్పెట చర్మంలా బిగుసుకోవడం, వేలితో మీటితే డమ్మని మోగడం. ఆ ద్రావకం సులువుగా దొరికేది కాదు. ఇంగ్లీషు పత్రికలో, పాత విమానాలను సేకరించి బాగుచేసే వారిని గురించి వచ్చిన ఒక వ్యాసం చదివి, హైదరాబాదులోని ఒక పెద్దమనిషికి నేను ఉత్తరం రాశాను. అంతకు ముందు నా జీవితంలో సెలవు చీటీలు తప్ప ఇంగ్లీషులో ఏమీ రాసి ఎరుగను; నిఘంటువు పక్కన పెట్టుకొని, చిత్తు ప్రతి రాసి, దిద్ది, మళ్ళీ రాశాను. ఆయన వారం తిరగకుండా కారులో భార్యతో సహా హాలియాకు వచ్చారు.

నేను ఎవరినీ తక్కువ చేసి రాయదలచుకోలేదు. ఆయన సంస్కారవంతులు. చెప్పులు బయట విడిచి కొట్టంలోకి వెళ్ళారు. ఆ చెక్కలను చూసి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినది నేను చూశాను. అక్క చేసిన జొన్నరొట్టె, పుంటికూర అడిగి పెట్టించుకొని తిన్నారు. ద్రావకం డబ్బాలు పంపారు, పాత నక్షాల నకళ్ళు పంపారు, ఇంజనుకు కావలసిన చిన్న చిన్న భాగాలు తెప్పించి ఇచ్చారు. ఆయన వచ్చినప్పుడల్లా బావ ఆయన వెనుకే తిరుగుతూ, ఇది ఎక్కడ దొరికింది, అది ఎట్లా అతికామన్నది చెప్పేవాడు. ఇంజను మొదటిసారి నడిచిన రోజున కూడా ఆయన అక్క వాళ్ళ ఇంటిలోనే ఉన్నారు. వాకిలిలో విమానాన్ని మోకులతో వేపచెట్టుకు కట్టి, బావ పంకాను చేత్తో తిప్పితే, నల్లటి పొగ తుమ్మి, గర్జించి, లేచింది ఇంజను. ఆ గాలికి వెనుక నేలమీద ఎండబోసిన అక్క మిరపకాయలన్నీ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి. పెద్దమనిషి, ఆయన భార్య, చాచా, వాకిట చేరిన ఊరివాళ్ళు అందరూ తుమ్ములు, దగ్గులు, కన్నీళ్ళు. అక్క కట్టె పట్టుకొని "బందు జెయ్యుండ్రి! నా ఏడాది కారం ఎగిరిపాయె, మీ విమానమైతె గజం జరగలె!" అని అరుస్తుంటే, బావ ఒక్కడే కళ్ళు తుడుచుకోకుండా నవ్వుతూ నిలబడ్డాడు. ఆ ముఖమే నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ సాయంత్రమే, చాయి తాగుతూ, పెద్దమనిషి ఇత్తడి రేకు సంగతి ఎత్తారు. పైలటు ఎదుట ఉండే చెక్కపలకకు నాలుగు మేకులతో బిగించిన, అరచేతి కంటె చిన్న రేకు అది. దానిపైన తయారీ సంఖ్య, ఏవో అక్షరాలు అచ్చుగుద్ది ఉండేవి. దేశంలో ఏ విమానమైనా ఎగరాలంటే అనుమతి కావాలని, దానికి ఈ సంఖ్యను పాత దస్తావేజులతో సరిచూడాలని, రేకును తన వెంట తీసుకువెళ్ళి ఆ పని తానే చూస్తానని ఆయన అన్నారు. అందులో అనుమానించవలసినదేమీ మాకు కనిపించలేదు. మా లెక్కలో విమానమంటే ఇంజను, రెక్కలు, చక్రాలు, చాచా కుట్టు. రేకు అంటే దాని మీది బొట్టు. మేకుల తలలను జాగ్రత్తగా అరగదీసి, బావ తన చేతులతోనే దానిని ఊడదీశాడు. నల్లబడి ఉన్నదని అక్క దానిని చింతపండు పెట్టి, బిందెలను తోమినట్టు తోమింది. ఒక మూల నిలువుగా చిన్న గీత పడింది గాని, బంగారంలా మెరిసింది. కొత్త దస్తీలో చుట్టి బావ దానిని ఆయన చేతిలో పెట్టాడు. "గిది గూడ అమానతే సార్" అన్నాడు. అర్థమైనట్టు ఆయన తల ఊపారు.

తర్వాత ఉత్తరాలు పలచబడ్డాయి. పని జరుగుతున్నదనే జవాబు వచ్చేది, తర్వాత అదీ ఆగింది. ఈలోగా మా పని దాదాపు పూర్తయింది. ముందు సీటు బిగించాము. బావ రోజూ పొద్దున పశువులకు గడ్డి వేసి, ఆ సీటులో కాసేపు కూర్చొని దిగేవాడని అక్క చెప్పేది. "గుడ్లు పొదుగుతాండు" అనేది. అట్లా ఒక ఏడాది పైనే గడచిన తర్వాత, నగరంలో పాత విమానాల వాళ్ళందరూ కలిసే ఒక వేడుకకు రమ్మని మాకు ఆయన దగ్గర నుండి పిలుపు వచ్చింది. అనుమతి దొరికిందన్న శుభవార్త అక్కడ చెబుతారేమోనని మేము ముగ్గురం, నేను, బావ, చాచా, తెల్లవారుజామున బస్సెక్కాము. బావ కొత్త ధోవతి కట్టుకున్నాడు.

విమానాశ్రయంలో ఒక పక్క ఎండలో వరుసగా నిలిపిన చిన్న విమానాలు, వాటి చుట్టూ టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్ళు. వరుస చివర పసుపుపచ్చ విమానం. పొట్టమీద మా విమానం అక్షరాలు. మేము దగ్గరికి వెళ్ళి చూశాము. చెక్క కొత్తది, గుడ్డ కొత్తది, ఇంజను విదేశం నుండి తెప్పించినది. లోపలికి తొంగి చూస్తే, మెరుగు పెట్టిన పలక మీద, కొత్త మేకులతో, మా ఇత్తడి రేకు. మూలన అక్క తోమినప్పటి గీత.

పెద్దమనిషి మమ్మల్ని చూసి మొహం తిప్పుకొని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఆయన ఎదురు వచ్చి, బావను కౌగిలించుకొని, చేయి పట్టుకొని మిత్రులందరి ముందుకు తీసుకువెళ్ళి, నా కోసం దీనిని ఇన్నేళ్ళు కాపాడినది వీరేనని పరిచయం చేశారు. వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను ధైర్యం తెచ్చుకొని ఇంగ్లీషులోనే అడిగితే, ఆయన దాచకుండా చెప్పారు. మూతపడిన కంపెనీ యజమాని కుమారుడిని వెదికి పట్టుకొని, విమానం కాగితాలు ఆయన దగ్గర కొన్నారట. కాగితాలు, రేకు ఒక చోట చేరితే, వాళ్ళ లోకపు ఆచారం ప్రకారం, విమానం అదే. పుచ్చిన కట్టె, చినిగిన గుడ్డ ఎప్పుడైనా మార్చవలసినవే. ఏ పాత విమానంలోనైనా పాతది చివరకు మిగిలేది అంతేనని, ఇదే విమానం మళ్ళీ బతికిందని ఆయన నిండు మనస్సుతో అన్నారు. మరి మా కొట్టంలో ఉన్నది ఏమిటని అడిగాను. చాలా చక్కని నమూనా, ఏదైనా బడికి ఇస్తే పిల్లలు చూస్తారు, దాని పక్కన పెట్టడానికి ఒక బోర్డు కూడా నేనే రాయించి పంపుతానన్నారు. ఆయన మోసం చేస్తున్నానని అనుకోలేదు. అదే నాకు మింగుడు పడనిది. ఆయన దృష్టిలో మేము అప్పగించవలసినది అప్పగించాము, ఆయన తీసుకోవలసినది తీసుకున్నారు.

చాచా ఒక్క మాటే అన్నాడు. "అమానత్‌ల ఖయానత్ అంటరు సాబ్ దీన్ని, మా దిక్కు." నమ్మి ఇచ్చిన దానిలో ద్రోహమని దాని అర్థం. చుట్టూ ఉన్న వారిలో అది అర్థమైనవాళ్ళు పక్కకు చూశారు. పెద్దమనిషి ముఖం కొంచెం ఎర్రబడింది. ఆ వాతావరణాన్ని తేలిక చేయడానికి కాబోలు, ఆయన బావ వైపు తిరిగి, ఇవాళ మొదటి ప్రయాణం మీతోనే, ముందు సీటు మీదే, ఎక్కండి అన్నారు. ఎవరో టోపీ, కళ్ళజోడు తెచ్చారు. పైలటు వెనుక సీటులో అప్పటికే కూర్చున్నాడు.

బావ ఆ విమానం రెక్క మీద వేలు పెట్టి మీటాడు. డమ్మని మోగింది. ఆయన జీవితమంతా కోరుకున్నది మెట్టు మీద కాలు పెట్టేటంత దూరంలో ఉన్నదని నాకు తెలుసు, చాచాకు తెలుసు. ఎక్కమని చెప్పాలని నోటి దాకా వచ్చింది. "మీది మంచిగున్నది సార్," అన్నాడు బావ, టోపీ తిరిగి ఇస్తూ. "నాది మా కొట్టంల ఉన్నది." వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చాము. చౌటుప్పల్ దగ్గర బస్సు ఆగితే, మా ముగ్గురికీ చాయి బావే తెచ్చాడు.

అనుమతి కోసం నేను వ్రాయని చోటు లేదు. ఆ సంఖ్య గల విమానం ఫలానా వారి పేర వాడుకలో ఉన్నది, కనుక మీ వద్ద ఉన్న వస్తువులు విమానముగా పరిగణించబడవు అన్నదే ప్రతిచోటా జవాబు. అక్కకు చదివి వినిపిస్తే, "ఇన్నేండ్లు నా కొట్టం నిండ ఉన్నదేందట మరి, కట్టెల మోపా? నీ ఇంగ్లీషు సల్లగుండ తమ్మీ, ఎవ్వలకు పనికొచ్చిందో గని" అన్నది. అని, కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. బావ సీటులో కూర్చోవడం మానేసినది ఆమె నాకు చెప్పకుండానే తెలిసింది. ఆ ఎండాకాలం ఎడ్లు మళ్ళీ కొట్టంలోకి వచ్చాయి.

అంతకు ముందు బావ చేసిన పనిని ఊరిలో కొందరు పిచ్చి అన్నారు. ఎంత ఓపికగా కలిపాడో అంత ఓపికగా విప్పాడు. చక్రాలు బొరుగుల బండివాడికి. సీటు క్షౌరశాలకు, రాజా కుర్చీ కూడా ఉంచుకోమన్నాడు. పంకా నిమ్మకాయల వ్యాపారి గోడకు. ఆయన ఈసారి కూర్చోమని చెప్పి, షర్బతు తెప్పించాడట. ఎందుకిట్లా చేస్తున్నావని నేనడిగితే, "ఎవ్వల దగ్గర తెచ్చిన్నో వాళ్ళకు ముట్టాలె గద బామ్మర్ది. ఒకడు తప్పిండని మనం తప్పుతమా" అన్నాడు.

పెట్రోలు తొట్టిని తిరిగి ఇవ్వడానికి మర్రిగూడకు నన్ను కూడా రమ్మన్నాడు. మేము ఇచ్చిన రేకు డ్రమ్ము అప్పటికే అడుగు తుప్పుపట్టి, చిల్లులు పడి, కోళ్ళ గూడయింది. అవ్వ ఇంకా బతికే ఉంది. అడుగు తీసి అడుగు వేయలేక గోడ పట్టుకొని వచ్చింది. మనుమడు బడికి వెళ్ళాడు. బావ పాత బండలను సరిచేసి, తొట్టిని చూరు కింద ఎక్కించి, బొక్కెనతో నీళ్ళు పోసి కారడం లేదని చూపించాడు. ఆమె చేయి అడ్డం పెట్టుకొని ఆయన ముఖంలోకి చూసింది.

"ఎగిరిందా కొడుకా?"

"ఎగిరిందవ్వా," అన్నాడు బావ. "మంచిగ ఎగిరింది."

"నా మీదికెళ్ళి తోలకపోతివి."

"దూరంకెళ్ళి పోయింది."

ఆయన చెప్పినదానిలో అబద్ధమేదీ లేదనే, తిరుగు బస్సులో ఎంతసేపు ఆలోచించినా నాకు తోచింది. బావ చనిపోయి చాలా ఏళ్ళయింది. మందు పీల్చిన ఊపిరితిత్తులు ముందుగానే చాలించాయని దవాఖానలో చెప్పారు. చాచా అంతకు ముందే వెళ్ళిపోయాడు. ఇప్పుడు మర్రిగూడలో ఇంటింటికి నల్లా నీళ్ళు వస్తున్నాయని విన్నాను. ఆ తొట్టి ఏమయిందో తెలియదు. చేలకు మందు కొట్టడానికి ఇప్పుడు చేతిలో పట్టేటంత చిన్న యంత్రాలు ఎగురుతున్నాయి, వాటికి జెండా చూపేవాళ్ళు అవసరం లేదు. పాత వస్తువుల మీద మక్కువ గలవాళ్ళు మునుపటి కంటె ఎక్కువయ్యారు. వాళ్ళందరికీ కథలు కావాలి, పేర్లు కావాలి, కాగితం కావాలి. కాగితంలో లేని మనిషి మాత్రం ఎవరికీ అక్కరలేదు. మన కాలంలో ఒకరు ఎవరన్నది వాళ్ళు దేనిని కాపాడారో, ఎవరికి ఏది తిరిగి ఇచ్చారో దానిని బట్టి పది ఊళ్ళకు తెలిసేది. ఇప్పుడు నేను నేనేనని చెప్పడానికి నేను చాలనని దవాఖానలో చిన్నపిల్ల చెబితే, ఆమెపై కోపం రాలేదు. ఈ మాట నేను ముప్పై ఏళ్ళ కింద ఒకసారి విని ఉన్నాను.

ఫోనులోకి కార్డు ఫోటో వచ్చింది. నన్ను పిలిచారు. పరీక్ష అయిన తర్వాత, ఒకప్పుడు నేను గుమాస్తాగా వాడిన బల్ల ముందు, ఇప్పుడు నా ఇంటిలో, ఇది రాస్తున్నాను. బల్ల మీద, విమానం విప్పిన రోజున బావ నాకు ఇచ్చిన చెక్కపలక ఉంది. ఎవరి దగ్గరా తెచ్చినది కాదు గనుక, ఎవరికీ తిరిగి ఇవ్వనవసరం లేదని నాకు ఇచ్చాడు. దాని నడుమ అరచేతి కంటె చిన్న చోటు మిగతా చెక్క కంటె తెల్లగా ఉంటుంది, నాలుగు మూలల నాలుగు చిల్లులు. రేకు క్యాలెండరులో ఉంది, ఆకాశంలో ఉంది, ఎగురుతూ ఉంది. అది ఉండిన చోటు ఇక్కడ ఉంది. అక్క ఎప్పుడైనా మా ఇంటికి వస్తే, ఆ తెల్లని చోటును కొంగుతో తుడిచి పోతుంది.